అమెరికాలో యూదుల తొలి సమాజమందిరములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను కళాశాల గడప త్రొక్కినవాడను గాను. గ్రామపు లెక్కలు నా వృత్తి, పురాణేతిహాసములు నా వ్యసనము. భారత భాగవతములను గూర్చి చెప్పుటకు ఈ వేదికపై నాకంటె పెద్దలు గలరు. కావున నేను దూరదేశపు చరిత్ర నొకదానిని ఎన్నుకొంటిని. ఒక గ్రంథము, ఒక గది, ఒక చందాపుస్తకము - ఈ మూటితో దిక్కులేని కొలదిమంది ఒక క్రొత్త ఖండమున తమ సమాజమును ఎట్లు నిలుపుకొనిరో తెలుపు చరిత్ర యది. గ్రంథాలయ సభలో చెప్పదగినదని నా తలంపు.

యూదుల ప్రార్థనాలయమునకు సినగాగు అని పేరు. తెలుగు బైబిలులో దానిని సమాజమందిరమనిరి. ఆ గ్రీకు మాటకును కూడిక యనియే అర్థము. యెరూషలేములోని వారి మహాదేవాలయమును క్రీ.శ. 70వ సంవత్సరమున రోమనులు నాశము చేసిరి. అప్పటినుండి సమాజమందిరములే ఆ జాతికి ఆధారములైనవి. అందు విగ్రహ ముండదు. ఒక మందసములో తోరా అను ధర్మగ్రంథము చుట్టగా చుట్టి యుంచబడును. దానిని చర్మపత్రముపై లేఖకుడు చేతితో వ్రాయవలెను. సభలో పఠించుటకు అచ్చుప్రతి పనికిరాదు. మూడు లక్షలకు పైబడిన అక్షరములలో ఒక్కటి తప్పినను సరిదిద్దువఱకు ఆ ప్రతిని పఠనమునకు తీయరు. తాళపత్రములపై భారతమును వ్రాసిన మన లేఖకుల శ్రమ నెఱిగినవారికి దాని విలువ చెప్పనక్కఱలేదు. ప్రాచీనాచారమున పదిమంది పురుషులు కూడినగాని సామూహిక ప్రార్థన జరుగదు. అయితే పూజారి యుండితీరవలెనను నియమము లేదు. చదువ నేర్చిన యెవడైనను ప్రార్థన నడపవచ్చును. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొనినచో తక్కిన చరిత్ర యంతయు సులభముగా బోధపడును.

మన దేశమునకును ఈ మందిరములు క్రొత్తవి గావు. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగు నేటికిని నిలిచియున్నది. గుంటూరు ప్రాంతమున చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెములో, తాము ఇశ్రాయేలు సంతతివారమని చెప్పుకొను తెలుగువారి చిన్న సమాజమును కలదు.

ఇక అమెరికా కథ. దాని మొదలు స్పెయిను దేశమున నున్నది. 1492లో, కొలంబసు పడమటికి ఓడనెక్కిన యేటనే, ఫెర్డినాండు ఇసబెల్లా రాజదంపతులు యూదులను దేశమునుండి వెడలగొట్టిరి. పోర్చుగలులో తలదాచుకొనిన వారికి 1497లో బలవంతముగా జ్ఞానస్నాన మిప్పించిరి. పైకి క్రైస్తవులుగను లోపల యూదులుగను తరములు గడపిన వారెందరో. క్రమముగా వారిలో పలువురు హాలెండు చేరి ఆమ్‌స్టర్‌డాము నగరమున ఊపిరి పీల్చుకొనిరి. మచిలీబందరులో వర్తకశాల పెట్టిన డచ్చివారి దేశమే యది. తూర్పు వర్తకమున కొక కంపెనీ, పడమటి వర్తకమున కొక కంపెనీ వారికి గలవు. ఆ పడమటి కంపెనీ 1630లో బ్రెజిలులోని రెసీఫె పట్టణమును పోర్చుగీసులనుండి గెలుచుకొనగా యూదులును అచటికి పోయిరి. 'ఇశ్రాయేలు శిల' అను పేర ఒక సమాజమందిరము నెలకొల్పిరి. అమెరికా ఖండములలో అదియే మొదటిదని ప్రసిద్ధి. 1654 జనవరిలో పోర్చుగీసులు మరల గెలిచిరి. యూదులు మూటలు గట్టుకొనిరి. పెక్కుమంది హాలెండునకు మఱలిరి. కొందఱు కరీబియను దీవులకు పోయిరి. ఒక చిన్న గుంపు మాత్రము ఉత్తరమునకు సాగి, 1654 సెప్టెంబరులో, నేడు న్యూయార్కు అనబడు న్యూఆమ్‌స్టర్‌డాము రేవున దిగెను.

వారెందఱు? పిన్నలు పెద్దలు గలిసి 23 మంది. ఈ సంఖ్య మనకెట్లు దక్కెనో వినుడు. కవి యెవ్వడును పాడలేదు. ఓడకూలి బాకీకై ఓడ యజమాని వేసిన వ్యాజ్యపు కాగితములలో ఈ లెక్క యున్నది. బాకీ తీరుటకు వారి సామానులు వేలము వేసిరి. అవియు చాలకపోగా ఇరువురిని నిర్బంధములో నుంచిరి. మూడున్నర శతాబ్దుల నాటి ఒక జాతి ప్రవేశమునకు సాక్ష్యము ఒక న్యాయస్థానపు చిట్టా! లెక్క వ్రాయువాని కలము ఎంత దూరము పలుకునో చూడుడు.

అచటి అధికారి పీటరు స్టైవెసెంటు వీరిని పంపివేయ నెంచి కంపెనీకి వ్రాసెను. ఆమ్‌స్టర్‌డాములోని యూద వర్తకులును ఊరకుండలేదు. 1655 జనవరిలో కంపెనీకి అర్జీ పెట్టుకొనిరి. బ్రెజిలులో తమవారు పడిన నష్టమును, కంపెనీ వాటాలలో తాము పెట్టిన ధనమును జ్ఞాపకము చేసిరి. ఏప్రిలులో కంపెనీ జవాబు వచ్చెను. యూదులు ఉండవచ్చును, వర్తకము చేయవచ్చును. అయితే వారిలోని బీదలు కంపెనీకిగాని ఊరికిగాని భారము కారాదు, వారి జాతివారే వారిని పోషింపవలెను. ఈ షరతు అనుమానముతో పెట్టినది. కాని తమ బీదను తామే పోషించుట వారికి పూర్వమునుండియు ధర్మము. అధికారి సంకెలయని తలంచినది వారి సమాజమునకు పునాదిరాయి యయ్యెను.

అడుగడుగున అనుమతులు అడుగవలసి వచ్చెను. శ్మశానభూమి కోరినప్పుడు, ఇంకను ఎవరును చావలేదు గదా యని త్రోసిపుచ్చిరి. మఱుసటి యేడు, 1656లో, ఇచ్చిరి. ఊరి కాపలాకు తక్కినవారితోబాటు మమ్మును నిలుపుడని ఆసెర్ లెవీ యనువాడు అడిగెను. కూడదనిరి, కాపలాకు బదులు పన్ను కట్టుమనిరి. అతడు విడువలేదు. 1657లో పౌరహక్కును సాధించెను. అతడు పండితుడు కాడు, మాంసము కోసి యమ్మువాడు. ప్రార్థనమాత్రము ఇండ్లలో చప్పుడు గాకుండ చేసికొనవలెను. 1655లో ఆమ్‌స్టర్‌డామునుండి ఒక తోరాచుట్టను ఎరువు తెచ్చుకొనిరి. జనము చెదరిపోగా 1663లో దానిని తిరిగి పంపిరి. ఎనిమిదేండ్ల పిదప సముద్రము దాటించి ఎరువు గ్రంథమును తిరిగి యిచ్చిన వారి సంగతి మన చందాదారులకు విన్నవించుచున్నాను!

1664లో ఇంగ్లీషువారు ఆ యూరిని గైకొని న్యూయార్కు అని పేరు మార్చిరి. పిమ్మట యూదులు మరల చేరిరి. ఆ శతాబ్ది చివరకు ఒక అద్దెయింట ప్రార్థనలు జరుపుచుండిరి. తుదకు మిల్లువీధిలో స్థలము కొని చిన్న మందిరము కట్టి, 1730 ఏప్రిల్ 8న, పస్కా పండుగ యేడవనాడు, ప్రవేశము చేసిరి. నేటి అమెరికా సంయుక్త రాష్ట్రముల గడ్డపై సమాజమందిరముగనే కట్టబడిన మొదటి కట్టడమిది. ఈ సమాజము పేరు షియరిత్ ఇస్రాయేల్, అనగా ఇశ్రాయేలులో మిగిలినవారు. కురసావు, జమైకా, లండను మున్నగు చోట్ల యూదులు ఈ నిర్మాణమునకు చందాలు పంపిరి.

ఈ సమాజపు మినిట్సు పుస్తకము 1728నుండి నిలిచియున్నది. మొదట పోర్చుగీసుభాషలోను ఇంగ్లీషులోను వ్రాసిరి. అందు తత్త్వవిచారము తక్కువ. జీతములు, చందాలు, జరిమానాలు, కూర్చుండు స్థలముల తగవులు ఎక్కువ. పెద్దగా ఎన్నుకొనబడినవాడు పదవి వలదన్నచో జరిమానా కట్టవలెను. మందిరములో కలహించినవానికి జరిమానా. సేవకునికి రొక్కపు జీతముతోబాటు వంటచెఱకును ఇచ్చుచుండిరి. రోగులకు, బాటసారులకు, విధవలకు ఇచ్చిన సహాయము పద్దులలో కనబడును. 1731లో పిల్లలకు బడి పెట్టిరి. కొంతకాలమునకు అందు హెబ్రీతోబాటు స్పానిషు, ఇంగ్లీషు, లెక్కలు కూడ చెప్పుచుండిరి.

వారిలోను రెండు తెగలు గలవు. స్పెయిను పోర్చుగలునుండి వచ్చినవారు సెఫార్దీలు. జర్మనీ పోలెండునుండి వచ్చినవారు అష్కెనాజీలు. ప్రార్థన రాగము వేరు, హెబ్రీ ఉచ్చారణ వేరు. మిల్లువీధి మందిరము కట్టునాటికే అష్కెనాజీలు సంఖ్యలో ఎక్కువైరి. అయినను సెఫార్దీ పద్ధతినే అందఱును అంగీకరించి ఒక్క కప్పు క్రింద కూడిరి. ఊరికొక్క మందిరమే యున్నందున విడిపోవుట సులభము గాకుండెను.

న్యూయార్కునకు తూర్పున న్యూపోర్టు అను రేవుపట్టణ మున్నది. అచటి కథలో గ్రంథాలయమును గలదు. 1747లో రెడ్‌వుడ్డు గ్రంథాలయసంఘము ఏర్పడెను. ఏబ్రహాము రెడ్‌వుడ్డు 500 పౌనులు ఇచ్చి లండనునుండి పుస్తకములు తెప్పించెను. దాని భవనమును రూపొందించిన పీటరు హారిసను ఓడవర్తకుడు. శిల్పవిద్యను ఏ గురువునొద్దను అభ్యసింపక, ఇంగ్లండునుండి తెప్పించుకొనిన పుస్తకములలోని పటములు చూచి నేర్చెను. 1750లో తెఱచిన ఆ గ్రంథాలయము నేటికిని అదే భవనమున పుస్తకము లిచ్చుచున్నది. యూదులు తమ మందిరమునకు ఆ హారిసనునే పిలిచిరి. 1759లో పునాది వేసి 1763 డిసెంబరు 2న ప్రవేశము చేసిరి. క్రింద పండ్రెండు స్తంభములు, స్త్రీలు కూర్చుండు మేడపై మరల పండ్రెండు. ఇవి ఇశ్రాయేలు పండ్రెండు గోత్రములకు గుర్తులందురు. బయటినుండి చూచిన ఆడంబరము లేని యిల్లు, లోపల కనులపండువు.

ఆ ప్రవేశోత్సవమునకు వచ్చి దినచర్యలో వ్రాసికొనిన అతిథి ఎజ్రా స్టైల్సు. క్రైస్తవ బోధకుడు, రెడ్‌వుడ్డు గ్రంథాలయమునకు గ్రంథపాలకుడు. నలుబదియేండ్ల ప్రాయమున హెబ్రీ నేర్వబూని, మందిరమున ప్రార్థన నడపు ఇసాకు టూరో నొద్ద అక్షరములు దిద్దెను. 1773లో పాలస్తీనాలోని హెబ్రోనునుండి కారిగాలు అను యూదపండితుడు రాగా అతనితో నెలల తరబడి శాస్త్రచర్చ సాగించెను. అనంతరము యేలు కళాశాలకు అధ్యక్షుడయ్యెను. మతము మార్చుకొనక, ఎదుటివాని మతమును కించపఱుపక, పొరుగువాని గ్రంథమును అతని భాషలోనే చదువగోరిన యీ గ్రంథపాలకుని నేను మనసార మెచ్చుకొందును.

వెలుగునే చెప్పి నీడను దాచుట చరిత్ర కాదు. రెడ్‌వుడ్డు ఐశ్వర్యము ఆంటీగువా దీవిలో బానిసలు చెమటోడ్చిన చెఱకు తోటలనుండి వచ్చినది. మందిరపు పెద్దలలో ఒకడైన ఆరోను లోపెజు ఓడలు ఆఫ్రికానుండి బానిసలను గొనివచ్చినవి. ఈ లోపెజునకే 1762లో యూదుడగుటచే ఆ సీమ న్యాయస్థానము పౌరసత్వము నిరాకరించెను. పొరుగు మసాచుసెట్సులో పొందవలసి వచ్చెను. తన మెడనున్న కాడి బరువు తెలిసినవాడును పరుని మెడకు కాడి కట్టగలడు. ఈ మాటను మనమును మఱవరాదు.

1776లో స్వాతంత్ర్యయుద్ధము వచ్చెను. ఇంగ్లీషు సేనలు న్యూయార్కును సమీపింపగా, ప్రార్థనలు నడపు గెర్షోము మెండెజు సేషస్ తోరాచుట్టలను వెంటగొని ఊరు విడిచెను. 1780లో ఫిలడెల్ఫియా చేరెను. అచట మిక్వే ఇస్రాయేల్ సమాజమువారు 1782లో మందిరము కట్టిరి. యుద్ధము ముగియగా వలసవచ్చినవారు ఇండ్లకు మఱలిరి. కట్టడపు అప్పు మిగిలినవారి నెత్తిన పడెను. 1788లో వారు ఊరిలోని అన్ని మతములవారిని సహాయ మడిగిరి. దాతలలో బెంజమిను ఫ్రాంక్లిను ఒకడు. 5 పౌనులు ఇచ్చెను. 1655లో బీదల భారము మాపై పడరాదనిరి. 133 ఏండ్లకు ఊరివారే జేబులు తడిమిరి. ఈ రెండు పద్దులను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో నడిచిన దూరము తెలియును.

1790 ఆగస్టులో అధ్యక్షుడు జార్జి వాషింగ్టను న్యూపోర్టునకు వచ్చెను. సమాజము పక్షమున మోజెసు సేషస్ స్వాగతపత్రము సమర్పించెను. మూఢద్వేషమునకు అండగాని, హింసకు తోడ్పాటుగాని ఇయ్యని ప్రభుత్వము ఏర్పడినందులకు అందు సంతోషము తెలిపెను. వాషింగ్టను తన జవాబులో ఆ మాటలనే తిరిగి పలికి మఱియొక మెట్టు పైకెక్కెను. ఒక వర్గమువారు దయతలచి మఱియొక వర్గమును ఓర్చుకొనుట యను మాట యిక లేదనియు, అంతరాత్మ స్వాతంత్ర్యము అందఱకును పుట్టువుతో వచ్చిన హక్కనియు, మంచి పౌరులుగా మెలగుటయే ప్రభుత్వము వారినుండి కోరునదనియు దాని సారము. స్టైవెసెంటునాడు దొరికినది అనుమతి. అనుమతి యిచ్చినచేయి తీసికొనగలదు. హక్కును అట్లు తీసికొనరాదు. అయినను మాట చేతలలోనికి వచ్చుటకు కాలము పట్టెను. యూదుడు ప్రభుత్వపదవి వహించుటకు మేరీలాండు రాష్ట్రమున 1826 వఱకును, ఉత్తర కరొలీనాలో 1868 వఱకును చట్టము అడ్డుపడెను.

అంతటి గౌరవమందిన న్యూపోర్టు మందిరము కొలదికాలములోనే పాడువడవలసినది. యుద్ధము రేవు వర్తకమును చంపెను. యూదులు ఒక్కొక్కరుగా వలసపోయిరి. 1822 నాటికి ఆ యూర యూదకుటుంబమే లేదు. కాని పూర్వము ప్రార్థన నడపిన ఇసాకు టూరో కుమారుడు ఏబ్రహాము, ఆ యేట చనిపోవుచు, మందిర రక్షణకై 10,000 డాలర్లు వ్రాసిపెట్టెను. న్యూఆర్లియన్సు వర్తకుడైన తమ్ముడు జూడా 1854లో మరణించుచు మందిరమునకును, శ్మశానమునకును, రెడ్‌వుడ్డు గ్రంథాలయమునకును ధనము విడిచెను. కవి లాంగ్‌ఫెలో 1852లో ఆ శ్మశానమును దర్శించి, ఆ జాతి యిక లేవదని విలపించుచు పద్యము వ్రాసెను. కవిగారి దుఃఖము సత్యమే, జోస్యము మాత్రము ఫలింపలేదు. తూర్పు యూరపునుండి క్రొత్తవారు రాగా 1883లో తలుపులు మరల తెఱచిరి. అరువదేండ్లు ప్రార్థించువారు లేకున్నను పైకప్పు కూలలేదు. నిధి యుండెను, తాళము చూచుకొనువారుండిరి. టూరో సినగాగు అను పేర అది నేటికిని నిలిచియున్నది. ఆ దేశమున మిగిలియున్న సమాజమందిరములలో అదియే అతిప్రాచీనము.

దక్షిణమున సవానా పట్టణమునకు 1733 జూలైలో, ఆ వలస ఏర్పడిన యేటనే, 42 మంది యూదులు తోరాతో వచ్చిరి. చార్లెస్టనులో 1749లో సమాజ మేర్పడెను. అచట 1824లో 47 మంది ఒక అర్జీ పెట్టిరి. హెబ్రీ మాకు తెలియదు, ప్రార్థనలలో కొంతభాగమైనను ఇంగ్లీషులో చదువుడు, వారమున కొకసారి ధర్మప్రసంగము ఇంగ్లీషులో చేయుడు, అనిరి. పెద్దలు త్రోసిపుచ్చిరి. వారు వేఱు సంఘము పెట్టుకొనిరి. అది పదియేండ్లు నిండకమునుపే ఆగిపోయెను. 1838లో మందిరము కాలిపోగా, క్రొత్తదానిలో ఆర్గను వాద్యము పెట్టవలెనా వలదా యని తగవు పుట్టి సమాజము రెండై న్యాయస్థానమున కెక్కెను. సంస్కృత భారతము తెలుగైన జాతివారము మనము. మూలమును కాపాడువాని భయమును, అర్థము కోరువాని ఆకలిని - రెంటిని మన మెఱుగుదుము. ఇందెవరిని తప్పుపట్టుదుము?

ఆ ఆకలిని మఱియొక త్రోవలో తీర్చినవాడు ఫిలడెల్ఫియాలోని ఐజాకు లీసరు. అతడు పట్టభద్రుడగు రబ్బీ కాడు, స్వయంకృషితో నేర్చినవాడు. పత్రిక నడపెను, 1853లో హెబ్రీ బైబిలునకు ఇంగ్లీషు అనువాదము వెలువరించెను. అదే యూర రెబెకా గ్రాట్జు అను మహిళ 1838లో ఆదివారపు బడి స్థాపించెను. తగిన పాఠ్యపుస్తకములు లేక, క్రైస్తవుల పుస్తకములనే తెప్పించి, తమకు పొసగని చోట్ల కాగితము అంటించి పిల్లలకు చదివించిరి! పుస్తకము లేదని బడిని ఆపలేదు.

శాస్త్రోక్తముగా పట్టము పొందిన మొదటి రబ్బీ ఆ దేశమున స్థిరపడుట 1840లో; బాల్టిమోరు చేరిన ఏబ్రహాము రైసు అతడు. అనగా 1654 మొదలు 186 ఏండ్లు ఈ సమాజములను నడపినవారు వర్తకులు, మాంసము కోయువారు, బడిపంతుళ్లు, చందావసూలుదారులు. అప్పటికి ఆ దేశమున యూదులు సుమారు 15,000. ఇరువదేండ్లలో సుమారు 1,50,000 ఐరి. ఊరికి పెక్కు మందిరములు, పెక్కు పద్ధతులు లేచెను. ఆ మహావృక్షపు కథ వేఱు. నేను వేళ్లను మాత్రము చూపితిని.

మహాజనులారా! పండితుడు వచ్చినపిదప బడి పెట్టుదము, దాత దొరికినపిదప గది కట్టుదము అని వారు కూర్చుండియున్నచో ఈ చరిత్రయే లేదు. మన గ్రంథాలయమును అట్లే ఎవరికొఱకును కాచుకొనక పుట్టినది. ఇరువదియైదేండ్ల పుస్తకపు జమాఖర్చులు, ఎరువు పట్టీలు బీరువా అడుగున నున్నవి. వానికి మంచి నకళ్లు తీయించి రెండుచోట్ల భద్రపఱుపుడు. పండుగ చందాలో కొంత తీసి, అసలు ముట్టకుండ, వడ్డీతో పైకప్పు బాగుచేయించు నిధి నొకదానిని నెలకొల్పుడు. తాళపుచెవి ఒక్కరియొద్ద గాక ఇరువురియొద్ద నుండనిండు. చదువువారు తగ్గిన దినములు రావచ్చును. తలుపు మూయకుండినచో మరల వచ్చెదరు. ఇంతియే నా మనవి.